జొన్నలు ఎక్కడికి పోయాయి?

ప్రశ్న: సార్, నమస్తే. ఆదోని దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచర్‌గా చేరి ఇంకా ఏడాది కాలేదు. నాకు ఇచ్చింది నాలుగో తరగతి, 31 మంది పిల్లలు. అందులో తొమ్మిది మంది దగ్గర నాకు ఏం చేయాలో తోచడం లేదు. కొందరు పాఠం గడగడా చదువుతారు, "ఏం జరిగింది నాన్నా?" అని అడిగితే మళ్లీ పుస్తకంలోకే చూస్తారు. కొందరు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు. ఇద్దరు ఇంటి దగ్గర కన్నడం మాట్లాడతారు. ప్రశ్న జవాబులు బోర్డు మీద రాస్తే ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించుకుంటారు కానీ, ప్రశ్న కొంచెం మార్చి అడిగితే ఒక్కరూ రాయలేరు. ఇంకో పదిసార్లు చదివించమ్మా అంటారు మా పెద్దసారు. చదివిస్తూనే ఉన్నాను. సాయంత్రం బడి అయ్యాక రోజూ అరగంట ఉండగలను. దీపావళి దాటితే చాలా ఇళ్లవాళ్లు సుగ్గికి, అంటే వేరే ఊళ్లకు కూలి పనులకు వలస పోతారు, ఈ పిల్లల్లో ఎవరు ఉంటారో ఎవరు పోతారో తెలియదు. ఈలోపు నేను ఏం చేయగలను?
(ఒక టీచర్, ఆదోని డివిజన్)

జవాబు:

అమ్మా,

మీ పెద్దసారు మాట దగ్గరే మొదలుపెడతాను. ఇంకో పదిసార్లు చదివించడం మీ తొమ్మిది మందిలో కొందరికి నిజంగానే మందు. మిగతావాళ్లకు కాదు. జ్వరమొచ్చినవాడికీ కాలు బెణికినవాడికీ ఒకే మాత్ర ఇస్తే ఒకడికే తగ్గుతుంది. ఆ తొమ్మిది మంది ఒకే రకం కాదని మీ ఉత్తరమే చెబుతోంది. కాబట్టి ముందు ఎవరి ఇబ్బంది ఏమిటో విడదీసి చూసుకోవాలి. దానికి పెద్ద పరీక్షలేవీ అక్కర్లేదు, ఒక్కో పిల్లాడితో పది నిమిషాలు చాలు. అది ఎలాగో చెప్పే ముందు, నా కళ్లు తెరిపించిన ఒక సంగతి చెప్పాలి.

పత్తికొండ వైపు ఒక ఊళ్లో నేను రెండో తరగతి చెబుతున్నప్పుడు ఒక పాప ఉండేది. పుస్తకం ఎక్కడ తెరిచి ఇచ్చినా ఆగకుండా చదివేది. ఆ పాపను చూసి నాకు గర్వంగా ఉండేది. ఒకరోజు గొంతు పట్టేసి మాట రాక, పలక మీద "తలుపు వేసి రా" అని రాసి ఆ పాపకు చూపించాను. లేచి నిలబడింది, చేతులు కట్టుకుంది, "తలుపు వేసి రా" అని స్పష్టంగా చదివింది, కూర్చుంది. పలక మళ్లీ చూపించాను. మళ్లీ చదివింది, ఈసారి ఇంకొంచెం గట్టిగా. తలుపు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఆ పాపలో ఏ లోపమూ లేదమ్మా. అచ్చు కనిపిస్తే గొంతెత్తి పలకాలి, సారు "ఊఁ" అంటే కూర్చోవాలి, ఇదే కదా రెండేళ్లుగా మేము నేర్పింది. ఆ అక్షరాల వెనక ఎవరో తనతో ఏదో చెబుతున్నారని మేము ఎన్నడూ చెప్పలేదు.

మరుసటి రోజు నుంచి అట్టముక్కల మీద చిన్న చిన్న పనులు రాసి పంచడం మొదలుపెట్టాను. "కిటికీ తెరువు." "నీ పక్కనున్నవాళ్ల పలక తీసి నీ ఒళ్లో పెట్టుకో." "మూలనున్న పొరక తెచ్చి తలుపు వెనక పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చో." చదివి వినిపించకూడదు, చేసి చూపించాలి. ఒక వారం గడిచేసరికి ఆ పాప అట్టముక్క అందుకోగానే పెదవులు కదపడం మాని తల పైకెత్తి చుట్టూ చూడడం మొదలుపెట్టింది. పొరక, అదే చీపురు, ఎక్కడుందా అని! మీ పిల్లలతో రేపే ఇది మొదలుపెట్టండి. పైసా ఖర్చు లేదు. అర్థమైందా అని మీరు అడగాల్సిన పని కూడా ఉండదు, లేచి వెళ్లిన కాళ్లే చెబుతాయి.

ఇక బోర్డు మీది ప్రశ్న జవాబుల సంగతి. ఒక వాక్యం రాస్తాను చూడండి: "చింపురుడు గొలాకును డిబ్బించాడు." ఇందులో ఒక్క మాటకూ అర్థం లేదు, నేనే అల్లాను. ఇప్పుడు ప్రశ్నలు. గొలాకును ఎవరు డిబ్బించారు? చింపురుడు. చింపురుడు దేన్ని డిబ్బించాడు? గొలాకును. రెండుకు రెండు మార్కులు! పాఠాల కింద అడిగే ప్రశ్నల్లో చాలా వాటికి పిల్లలు జవాబు రాసేది ఇలాగే. ప్రశ్నలోని మాటను పాఠంలో వెతికి పట్టుకుని, ఆ వాక్యాన్ని ఎత్తి రాస్తారు. మీరు ప్రశ్న కొంచెం మార్చగానే వెతకడానికి మాట దొరకదు, చేయి ఆగిపోతుంది. కాబట్టి ఆ నోట్సులు చూసి ఎవరికి అర్థమైంది, ఎవరికి కాలేదు అని తేల్చుకోకండి.

ఇప్పుడు ఆ పది నిమిషాల పని. ఈ కథ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఎనుము అంటే గేదె, వంక అంటే వాగు.

"ఈరమ్మ ఎనుమును తోలుకొని వంకకు పోయింది. వాకిట్లో జొన్నలు ఆరబోసి ఉన్నాయి. మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. ఈరమ్మ పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చింది. వాకిట్లో జొన్నలు లేవు. అవ్వ గోనెసంచి మూతి కడుతూ నవ్వింది."

మిగతావాళ్లు బయట ఆడుకుంటుండగా ఒక్కొక్కరినే పిలిచి చదివించండి. తప్పులు దిద్దకుండా వినండి. తర్వాత మూడు ప్రశ్నలు అడగండి: ఈరమ్మ ఎక్కడికి పోయింది? జొన్నలు ఎక్కడికి పోయాయి? ఈరమ్మ ఎందుకు పరుగెత్తింది? మొదటిదానికి జవాబు కాగితం మీదే ఉంది. మిగతా రెండింటికి కాగితం మీద లేదు, పిల్లాడి తలలో తయారవ్వాలి. ఆ తర్వాత, ఇంతే ఉండే ఇంకో కథ మీరు చదివి వినిపించి అలాంటి ప్రశ్నలే వేయండి.

మీరు చదివితే అన్నీ చెప్పి, తాను చదివితే చెప్పలేని పిల్లాడికి బుర్ర బాగానే పనిచేస్తోంది, లిపి దగ్గరే కాలు జారుతోంది. గడగడా చదివి, విన్నా చదివినా రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయే పిల్లకు లిపి వచ్చు, వాక్యాలను ఒకదానికొకటి ముడివేసుకోవడం రాదు. మీ కన్నడం పిల్లలను మీకు తెలిసినంత కన్నడంలోనో, తోటి పిల్లల చేతనో అడిగించండి. కన్నడంలో కథ అందితే, కొరవడింది తెలుగు మాటలే. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక గుణకారంగా చెప్పారు. అక్షరాలను పలకగలగడం, విన్న భాష అర్థం కావడం, ఈ రెండింటినీ హెచ్చవేస్తే వచ్చేదే చదివి అర్థం చేసుకోవడం. కూడిక కాదు, హెచ్చవేత. ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నా. మీ పెద్దసారు చెప్పిన పదిసార్ల చదువు ఇందులో మొదటిదాన్నే పెంచుతుంది.

లిపి దగ్గర జారేవాళ్ల గురించి ముందు చెబుతాను. కూడబలుక్కుని చదివే పిల్లాడు "వా... కి... ట్..." అని మూడో అక్షరం దగ్గరికి చేరేసరికి వాక్యం మొదట్లో ఎవరున్నారో మరిచిపోతాడు. బలమంతా అక్షరానికే ఖర్చయితే అర్థానికి ఏం మిగులుతుంది? ఆ "ట్లో" నే తీసుకోండి. ఓత్వం ట మీద ఉంటుంది, ల ఒత్తు కింద ఉంటుంది. కానీ పలికేటప్పుడు ట్, ల్, చివరన ఓ. కంటికి కనిపించే వరస ఒకటి, నోటికి రావాల్సిన వరస ఇంకొకటి. పిల్లాడు "టోల" అన్నాడంటే వాడు కంటికి కనిపించింది కనిపించినట్టు చదివాడు. అందుకే ఒత్తులను పట్టికలా వల్లె వేయించడం కన్నా, "ఇంట్లో, వాకిట్లో, బళ్లో, చేన్లో" అని నోట్లో రోజూ నలిగే మాటల్లోనే చూపించండి. మాట ముందే తెలుసు కాబట్టి అక్షరం దానంతట అది సర్దుకుంటుంది.

వీళ్లకు మాత్రం ఒకే పేరాను మళ్లీ మళ్లీ చదివించడం పనికొస్తుంది. అయితే దానికో పద్ధతి ఉంది. ముందు మీరు, వేలు పెట్టి చూపిస్తూ, మాట్లాడినట్టు చదవాలి. తర్వాత మీరూ వాడూ కలిసి. తర్వాత వాడొక్కడే. నాలుగైదు వాక్యాలే, మూడు నాలుగు రోజులు అవే. అందరూ కలిసి రాగం తీసే చదువు వద్దు. ఆ రాగంలో గొంతు కలిపి, కళ్లు కిటికీలో పెట్టే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు, మనకు తెలియను కూడా తెలియదు.

నిమిషానికి ఎన్ని మాటలు అనే లెక్క మీ మీద కూడా ఉండే ఉంటుంది. 2021లో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 మాటలు, అదీ అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. ఆ అంకె చూసి కంగారు పడకండి. "తెచ్చుకోలేకపోయాడు" అనేది మనకు ఒక్క మాట, అదే ఇంగ్లీషులో అయితే నాలుగైదు మాటలు. అందుకే 2022లో జాతీయ స్థాయిలో జరిపిన పునాది అభ్యసన అధ్యయనంలో ఒక్కో భాషకు ఒక్కో కొలత పెట్టారు. గడియారం పట్టుకుని పిల్లాడి ముందు నిలబడితే వాడు ఆ పత్తికొండ పాపలాగే తయారవుతాడు. వేగం వస్తుంది, తలుపు మాత్రం అలాగే ఉంటుంది.

మీరు ఒక్కరే ఇలా ఉన్నారనుకోకండి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి చేస్తున్న అసర్ సర్వేలో, 2024లో దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగింది 27.1 శాతం మంది. 2022లో అది 20.5 శాతం. తరగతిని పక్కనపెట్టి, చదవగలిగే స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెట్టి నేర్పే పద్ధతిని ఆ సంస్థే ముందుకు తెచ్చింది. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో దాన్ని ఏళ్ల తరబడి క్షేత్రంలో పరీక్షించి చూశారు. మీరు మీ అరగంటలో చేయబోయేదీ అదే. నాలుగో తరగతి పాఠాన్ని ఆ అరగంటలోకి రానివ్వకండి. అది పగటి పని.

ఇప్పుడు గడగడా చదివే పిల్లలు. నా దృష్టిలో అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగేది వీళ్లకే. చదువు వచ్చినట్టే కనిపిస్తారు కాబట్టి ఎవరూ ఆగి చూడరు. వీళ్లతో చేయాల్సిన పని, కథ అయిపోయాక ప్రశ్నలు అడగడం కాదు. కథ మధ్యలో ఆగడం. చివర్లో అడిగితే అది పరీక్ష, మధ్యలో ఆగితే పాఠం.

జొన్నల కథతోనే చూపిస్తాను. "మధ్యాహ్నానికి మబ్బు పట్టింది" దగ్గర ఆపండి. ముందు మీ తలలో ఏం నడుస్తోందో పైకి చెప్పండి: "అయ్యో, మబ్బు పట్టింది. వాకిట్లో జొన్నలున్నాయని ఇందాక చదివాను కదా. నాకు భయంగా ఉంది." అంతే, జవాబు చెప్పేయకండి. ఒక పిల్ల అంటుంది, "తడుస్తాయి మేడం." మరి ఈరమ్మ ఎక్కడుంది? "వంక కాడ." ఆమెకేం తోస్తుంది? ఇక ముందుకు చదవండి. "వాకిట్లో జొన్నలు లేవు." ఇక్కడ తప్పకుండా ఎవరో ఒకరు "దొంగలు ఎత్తకపోయినారు" అంటారు, ఇంకొకరు "మేకలు తినినాయి" అంటారు. తప్పు అనకండి. ఆ వాక్యం దగ్గర ఆగిపోయినవాళ్లకు అవి సరైన ఊహలే. "సరే, ఇంకో వాక్యం ఉంది, అది చదివాక కూడా దొంగలే అంటావేమో చూద్దాం" అనండి. అవ్వ గోనెసంచి మూతి కడుతోంది. సంచిలో ఏముంది? కాగితం మీద ఎక్కడా రాయలేదు. అయినా తెలిసిపోయింది! ఆ క్షణంలో పిల్లల ముఖాలు చూడండి. ఇందాక "దొంగలు" అన్నవాడే "అవ్వ ఎత్తి పోసింది మేడం, సంచిలో!" అని లేచి నిలబడతాడు. రాయని సంగతి కూడా చదవొచ్చని వాడికి తెలిసిన రోజు అది. రోజుకు ఇలాంటిది ఒక్కటి చాలు. ఒక పేరాకు పావుగంట పట్టినా బాధపడకండి.

మన తెలుగు వాక్యంలోనే పిల్లలు తప్పిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. అవి పెద్దవాళ్లకు కనిపించవు. "అవ్వ ఎనుమును తోలుకొని పోతుంటే పాము అడ్డం వచ్చింది. భయపడి పరుగెత్తింది." ఎవరు పరుగెత్తారు? అవ్వకైనా, ఎనుముకైనా, పాముకైనా మన క్రియ "పరుగెత్తింది" అనే ఉంటుంది. పైగా కర్తను వదిలేయడం మనకు అలవాటు. మీరూ నేనూ ముందు వెనకలు చూసి పట్టుకుంటాం. ఎనిమిదేళ్ల పిల్ల పట్టుకోలేదు, పట్టుకోలేదని కూడా ఆ పిల్లకు తెలియదు. అలాగే "లేచి, ముఖం కడిగి, సద్ది మూట కట్టుకొని, ఎద్దులను తోలుకొని చేనికి పోయాడు" లాంటి వాక్యం. అసలు క్రియ చిట్టచివర వస్తుంది, అప్పటిదాకా అన్నీ మోసుకుంటూ రావాలి. ఇలాంటి వాక్యం వస్తే ఆపి, ఒక్కో పనిని ఒక్కో పిల్లాడి చేత చేయించి చూపించండి. "వాడు, ఆమె, అది, దాని" అనే మాటల కింద గీత గీయించి, అక్కడి నుంచి ఆ మనిషి పేరు దాకా బాణం గీయించండి. పెన్సిల్ ఉంటే చాలు. ఇంత చిన్న పనికి ఇంత ఫలితం ఇచ్చింది నా సర్వీసులో ఇంకొకటి లేదు.

మాటల సంగతి కూడా ఉంది. పుస్తకంలో గేదె, ఇంట్లో ఎనుము. పుస్తకంలో చీపురు, ఇంట్లో పొరక. పుస్తకంలో వేరుశనగ, ఇంట్లో బుడ్డలు. "వేరుశనగ" అని తప్పు లేకుండా చదివిన పిల్లాడికి, అది పొద్దున తాను జేబులో పోసుకొచ్చిన బుడ్డలే అని తెలియకపోవచ్చు. ఎవరూ చెప్పలేదు మరి. ఇంటి మాట తప్పు అని మాత్రం ఎప్పుడూ అనకండి. అలా అన్న రోజు నుంచి పిల్లాడు బళ్లో నోరు విప్పడు, నోరు విప్పని పిల్లాడికి చదువు అర్థమైందో లేదో మనకు తెలిసే దారి ఉండదు. గోడకు ఒక పెద్ద చార్టు పెట్టి రెండు మాటలూ పక్కపక్కన రాయించండి, కన్నడం పిల్లల కోసం మూడో వరస కూడా. వాళ్లు గేదెను ఎమ్మె అంటారు, బుడ్డలను శేంగా అంటారు. చీపురు మాత్రం వాళ్లకూ పొరకెనే! అది వాళ్ల నోటితో చెప్పించండి. తరగతిలో తమ మాట కూడా గోడ మీదికి ఎక్కిందని ఆ ఇద్దరూ ఎంత సంబరపడతారో చూస్తారు.

ఇంకొంచెం ముందుకు పోయి, పిల్లల మాటలనే పాఠం చేయండి. "నిన్న ఇంటి దగ్గర ఏం జరిగింది?" అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద రాయండి. "మా ఎనుము ఈనింది. దూడ నల్లగుంది. మా నాయన రాత్రంతా కొట్టంలోనే పండుకున్యాడు." ఆ పిల్లాడి చేతనే చదివించండి. అర్థం కాకపోవడం అనే మాటే అక్కడ పుట్టదు, ఎందుకంటే అర్థం ముందు వచ్చి అక్షరం తర్వాత వచ్చింది. ఉరుకుంద ఈరన్న జాతరకు పోయొచ్చిన పిల్లల చేత నేను ఇలాగే ఎనిమిది వాక్యాలు చెప్పించి రాశాను. అప్పటిదాకా ఒక్క పేరా పూర్తి చేయని పిల్లాడు ఆ కాగితం ఇంటికి తీసుకుపోతానని అడిగి మరీ పట్టుకుపోయాడు.

తెలిసిన సంగతికి ఎంత బలముందో చెప్పే పరిశోధన ఒకటి ఉంది. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు హైస్కూలు కన్నా కింది తరగతుల పిల్లలకు ఒక బేస్‌బాల్ ఆట వర్ణన ఇచ్చి చదివించారు. చదువులో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగి ఆట తెలియని పిల్లల కన్నా ఎక్కువ అర్థం చేసుకున్నారు. మన పిల్లలకు పత్తి తీయడం తెలుసు, మిరప కోత తెలుసు, ఎర్రగడ్డల (ఉల్లిపాయల) ధర పడిపోతే ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసు. సముద్రం తెలియదు, రైలు ఎక్కనివాళ్లూ ఉంటారు. కాబట్టి సముద్రం పాఠం వచ్చిన రోజు, పుస్తకం తెరవకముందే పది నిమిషాలు మాట్లాడండి. ఫోన్లో ఒక ఫొటో చూపించండి. తుంగభద్ర పొంగినప్పుడు చూసినవాళ్లను లేపి చెప్పించండి, దానికి అవతలి ఒడ్డు లేకపోతే ఎలా ఉంటుందో ఊహించమనండి. ఆ పది నిమిషాలు వృథా అనిపిస్తుంది కానీ, ఆ తర్వాతి అరగంటను నిలబెట్టేవి అవే.

ఇంకో ఆట చెబుతాను, మా పిల్లలు దీన్ని "తప్పు పట్టు" అనేవాళ్లు. ఒక చిన్న కథలో ఒక వాక్యం కావాలని అడ్డంగా పెట్టండి. "ఎండలకు ఊరి బావి ఎండిపోయింది. చుక్క నీరు లేదు. ఈరమ్మ ఆ బావిలో చేద వేసి బిందె నిండా నీళ్లు తోడుకుంది." చదువుతూ ఎక్కడ తేడా కొట్టిందో అక్కడ చేయెత్తాలి. మొదటిరోజు ఎవరూ ఎత్తరు. ఆశ్చర్యపోకండి. ఎలెన్ మార్క్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలోనే ఇలా పొంతన లేని చిన్న చిన్న వ్యాసాలు పిల్లలకు వినిపించి చూసింది, పన్నెండేళ్ల పిల్లలు కూడా చాలాసార్లు ఆ తేడా పట్టలేదు. తమకు అర్థం కాలేదని తమకే తెలియడం కూడా నేర్పాల్సిన విద్యేనన్నమాట. నాలుగైదు రోజులకు చేతులు లేస్తాయి. ఆ తర్వాత మీరు చదివే మామూలు పాఠంలో కూడా "మేడం, ఆగండి, నాకు తెలీలేదు" అనడం మొదలవుతుంది. ఆ మాట విన్న రోజు తేదీ రాసిపెట్టుకోండి.

ద్విభాషా పుస్తకాల్లో ఇంగ్లీషు పేజీ ఒకవైపు, తెలుగు పేజీ ఒకవైపు ఉంటాయి కదా. గణితమైనా పరిసరాలైనా, ఈ తొమ్మిది మందికి ముందు తెలుగు పేజీ చదివించి, మాట్లాడించి, ఆ తర్వాతే ఇంగ్లీషు పేజీకి రండి. సంగతి ముందే తెలిస్తే ఇంగ్లీషు మాటలు దాని మీద కూర్చుంటాయి. చదవడానికి అదనంగా కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉచితంగా దొరుకుతాయి. ఫోన్ చూపించడం కన్నా రెండు మూడు ప్రింట్ తీసి చేతికివ్వండి.

ఒక్క విషయం మాత్రం ఆలస్యం చేయకండి. తొమ్మిది మందిలో పుస్తకం ముక్కుకు దగ్గరగా పెట్టుకునేవాళ్లు, బోర్డు చూడడానికి కళ్లు చికిలించేవాళ్లు, పిలిస్తే రెండోసారికి గానీ పలకనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే బడికి వచ్చే ఆరోగ్య బృందానికి గానీ, పీహెచ్‌సీలో గానీ కళ్లూ చెవులూ చూపించండి. ఇవన్నీ సరిగ్గా ఉండి, మాటలు చక్కగా మాట్లాడుతూ, రెండు మూడు నెలలు విడిగా కూర్చోబెట్టి నేర్పినా అక్షరం నిలవని పిల్లలుంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే మండల భవిత కేంద్రంలోని టీచర్‌తో మాట్లాడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన ఇబ్బందిని కూడా గుర్తించింది. "మొద్దు" అనే మాట ఆ పిల్లాడి మీద ఎవరి నోటి నుంచీ, తోటి పిల్లల నోటి నుంచి కూడా, పడకుండా చూడాల్సింది మీరే.

ఇక సుగ్గి. నా సర్వీసంతా నన్ను బాధపెట్టింది ఇదే. నవంబరులో అక్షరం పట్టిన పిల్లాడు గుంటూరు మిరప చేలకు పోయి, ఏప్రిల్లో వచ్చేసరికి మళ్లీ మొదటికి వచ్చేవాడు. ఇప్పుడే, పోకముందే, ఒక్కో ఇంటికి వెళ్లి అడగండి. అవ్వ దగ్గరో తాత దగ్గరో వదిలే వీలుందా, సీజనల్ హాస్టల్ తెరుస్తున్నారా అని మీ ఎంఈఓ ఆఫీసులో కనుక్కుని ఆ సంగతి తల్లిదండ్రులకు మీరే చెప్పండి. హాస్టల్ అంటే భయపడే తల్లికి, "నేను రోజూ చూస్తుంటానమ్మా" అని టీచర్ చెప్పే మాట పెద్ద ఆసరా. ఊళ్లో ఉండిపోయే పిల్లలకు ఒక పని పెట్టండి: సాయంత్రం బళ్లో చదివిన కథను రాత్రికి అవ్వకు చెప్పాలి, అవ్వ చెప్పిన ఒక కథనో పొడుపుకథనో పొద్దున బళ్లో చెప్పాలి. అవ్వకు అక్షరం రాకపోయినా ఫరవాలేదు. "ఆ తర్వాత ఏమాయె?" అని అవ్వ అడిగే ప్రశ్నకు జవాబు చెప్పాలంటే కథ అర్థమై తీరాలి కదా.

పిల్లలను వెంట తీసుకుపోయే ఇళ్లు రెండు మూడైనా ఉంటాయి. వాళ్ల కోసం ఇప్పటి నుంచే ఒక చిన్న పుస్తకం తయారుచేయండి. ఆ పిల్లలు తమ నోటితో చెప్పి మీరు రాసిన పేరాలు ఓ పది, జొన్నల కథ లాంటివి ఓ పది, వెనక ఖాళీ కాగితాలు కొన్ని. కాగితాలకు దారం కుట్టి, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బండి ఎక్కే రోజు తల్లి చేతికి ఇవ్వండి. ఖాళీ కాగితాల మీద అక్కడ రోజూ ఏం చూశాడో రెండు వాక్యాలు రాయమని పిల్లాడికి చెప్పండి. వీలైతే వారానికోసారి తల్లి ఫోన్‌కు చేసి అందులోది ఒకటి చదివించుకుని వినండి. తిరిగొచ్చాక ముందు ఆ కాగితాలే చదివిద్దురు గాని. జొన్నల కథ మీ తొమ్మిది మందితో చదివించాక, రెండో ప్రశ్నకు ఎవరెవరు ఏం చెప్పారో వాళ్ల మాటల్లోనే రాసి నాకు పంపండి, అది చూసి మిగతాది మాట్లాడుకుందాం.